మునగాకు సారం: సాక్స్‌లెట్‌లో తీయాలా, నానబెట్టాలా?

ప్రాజెక్టులు మొదలయ్యాయంటే చాలు, ఎమ్మెస్సీ పిల్లలు తెచ్చే ప్రశ్న ఒకటే. "సార్, సారం సాక్స్‌లెట్‌లో తీయాలా, నానబెట్టాలా?" సాక్స్‌లెట్ అంటే సాల్వెంట్‌ను (కరిగించే ద్రవాన్ని) మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి ఆకు మీద మళ్లీ మళ్లీ పోసే గాజు పరికరం. వెంటనే ఇంకో మాట: "సాక్స్‌లెట్‌లో బరువు ఎక్కువొచ్చింది సార్."

ఆ బరువే కొంప ముంచేది. గిన్నె అడుగున అంటుకున్న ఆ పచ్చటి జిగురులో పత్రహరితం, మైనం, చక్కెరలు అన్నీ ఉంటాయి. మనకు కావలసిన ఫినాలిక్స్ (క్వెర్సెటిన్ గ్లైకోసైడ్లు, క్లోరోజెనిక్ ఆమ్లం లాంటివి) ఎంతున్నాయో త్రాసు చెప్పదు. ఫోలిన్ పరీక్ష (మొత్తం ఫినాలిక్స్‌ను రంగును బట్టి కొలిచేది) చేసి, గ్రాము ఎండుటాకుకు ఎంత వచ్చిందో లెక్క కట్టాలి. గ్రాము సారానికి కడితే పోలిక కుదరదు.

సాక్స్‌లెట్‌ను తీసిపారేయలేం. సైఫన్ కొట్టిన (నిండిన సాల్వెంట్ ఒక్కసారిగా కింది ఫ్లాస్కులోకి దిగిన) ప్రతిసారీ ఆకు మీద కొత్త సాల్వెంటే పడుతుంది, వడపోత బెడద లేదు. 1879లో ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ దాన్ని చేసింది పాలలో కొవ్వు తేల్చడానికి. కొవ్వుకు అది ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఫినాలిక్స్‌కి అలా కాదు, దిగిన సారం కింది ఫ్లాస్కులో గంటల తరబడి మరుగుతూనే ఉంటుంది.

వేడికన్నా పెద్ద చిక్కు నీళ్లది. నీరు ఎండుటాకును ఉబ్బిస్తుంది, ఇథనాల్ లోపలిదాన్ని కరిగిస్తుంది. అందుకే ఈ పదార్థాలకు రెండూ కలిసిన 70 శాతం ఇథనాల్ బాగా పనిచేస్తుంది. మరి సాక్స్‌లెట్‌లో 70 శాతం పోస్తే ఆకు మీద పడేది 70 కాదు. ఆవిరిలో ఇథనాల్ శాతం పెరిగి, నీళ్లలో ఎక్కువ భాగం ఫ్లాస్కులోనే ఉండిపోతుంది. "70 శాతం ఇథనాల్, సాక్స్‌లెట్" అని రాసిన థీసిస్ కనపడితే నాకు నవ్వొస్తుంది. నా థీసిస్‌లోనూ ఆ వాక్యం ఉంది లెండి.

నేనైతే నీడన ఎండిన ఆకును పొడి కొట్టి, 10 గ్రాములకు 150 మిల్లీలీటర్ల 70 శాతం ఇథనాల్ పోసి, సీసాకు ఫాయిల్ చుట్టి, ఒక రోజు షేకర్ మీద పెడతాను. వడకట్టిన పిప్పికి మళ్లీ ఒకసారి. ఆరబెట్టేది రోటరీలో (తక్కువ పీడనంలో ఫ్లాస్కును తిప్పుతూ సాల్వెంట్‌ను ఆవిరి చేసే యంత్రం), 40 డిగ్రీలు దాటకుండా. అల్ట్రాసోనిక్ బాత్ (ధ్వని తరంగాలతో కుదిపే నీళ్ల తొట్టి) ఉంటే ఇంకా మంచిది, అరగంటలో పని చాలావరకు అయిపోతుంది. కాకపోతే బాత్ నీళ్లు తెలియకుండానే వేడెక్కుతాయి. థర్మామీటర్ పెట్టి, ఐసు ముక్కలు వేస్తుండండి.

మిథనాల్ పనిచేస్తుంది కానీ నోట్లోకి వెళ్లే సారానికి వద్దు. ఉత్త నీళ్లయితే రోటరీలో నురగ, సీసాలో బూజు. మైక్రోవేవ్ ల్యాబ్‌ది ఉంటే సరే, ఇంటి ఓవెన్‌లో ఇథనాల్ పెట్టొద్దు. సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ (ఎక్కువ పీడనంలో ద్రవంలా కరిగించే వాయువు) నూనెల కోసం.

ఏ పద్ధతైనా డీపీపీహెచ్ (యాంటీఆక్సిడెంట్ శక్తి చూసే పరీక్ష) చేసేటప్పుడు సారం మాత్రమే ఉన్న బ్లాంక్ (పోలిక కోసం డీపీపీహెచ్ కలపని నమూనా) విడిగా పెట్టండి. 517 నానోమీటర్ల దగ్గర ఆ పచ్చరంగు తన వంతూ కలిపి, మంచి సారాన్ని కూడా తక్కువ చేసి చూపిస్తుంది.

ఇప్పుడందరూ సమయం, వేడి, పొడి-సాల్వెంట్ పాళ్లు తీసుకుని బాక్స్-బెన్కెన్ డిజైన్‌లో (తక్కువ ప్రయోగాలతో సరైన పాళ్లు వెతికే గణాంక పద్ధతి) 17 రన్‌లు చేస్తున్నారు. ఆ మూడింట్లో ఒకటి తీసేసి ఇథనాల్ శాతం పెట్టండి. నన్నడిగితే, సమయం తీసేయండి.