ఏది మేలు: కంపెనీ టార్చా, చేత్తో మార్చుకున్న టార్చా?

టార్చిలైటును విప్పి, లోపలి భాగాలు మార్చి, మళ్లీ బిగించుకునే సరదా ఉన్నవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "బాగానే వెలుగుతోంది కదా, ఎందుకు విప్పడం?" ఒకప్పుడు దీనికి జవాబు సులువు. 1979లో వచ్చిన మ్యాగ్‌లైట్‌నే తీసుకోండి. దాని అల్యూమినియం గొట్టం ఎంత గట్టిదో, వెలుగు అంత అంతంతమాత్రం. అందుకని ఔత్సాహికులు దాని బల్బు పీకేసి శక్తిమంతమైన హాలోజన్ బల్బు పెట్టేవారు, మామూలు సెల్స్ స్థానంలో రీచార్జి సెల్స్ పేర్చేవారు. ఆ వేడికి ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ కరిగిపోతుంది కాబట్టి లోహపు రిఫ్లెక్టరూ గాజు అద్దమూ కూడా మార్చక తప్పేది కాదు. చివరికి మిగిలేది పాత గొట్టం ఒక్కటే.

ఇప్పుడు 18650 అనే రీచార్జి లిథియం బ్యాటరీ ఒకే ఒక్కదానితో నడిచే కంపెనీ టార్చి కూడా 1000 లూమెన్లు (టార్చి చిమ్మే మొత్తం వెలుగుకు కొలత) దాటి వెలుగుతుంది. మరి ఇంకా విప్పడం ఎందుకు? కారణం ఉంది, కానీ అది చాలామంది అనుకునే "ఇంకా ఎక్కువ వెలుగు" కాదు.

ముందు ఆ వెలుగు లెక్కే చూద్దాం. కంపెనీ టార్చిలో డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఎల్‌ఇడికి వెళ్లే కరెంటును అదుపులో ఉంచుతుంది. మార్చేవాళ్లు దాని స్థానంలో ఎఫ్ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్) డ్రైవర్ వేసి, బ్యాటరీని దాదాపు నేరుగా ఎల్‌ఇడికి కలుపుతారు. స్ప్రింగ్ దగ్గర వోల్టేజీ వృథా కాకుండా దాని రెండు కొసలనూ రాగి తీగతో కలిపి సోల్డర్ చేస్తారు. మీట నొక్కగానే గోడంతా తెల్లబడుతుంది. ఆ క్షణం బాగుంటుంది, కాదనను. కానీ 3.6 వోల్టుల, 3 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది దాదాపు 11 వాట్-అవర్ల శక్తి. టార్చి 40 వాట్లు లాగితే, ఆ వేగం నిలిచినా సుమారు పావుగంటకు మించి రాదు. నిజానికి నిలవదు కూడా. బ్యాటరీ వోల్టేజీ తగ్గే కొద్దీ వెలుగూ దిగిపోతుంది, వేడి దానికంటే ముందే అడ్డుపడుతుంది. ఆ 40 వాట్లలో 25 వేడిగా మారాయనుకుంటే, వంద గ్రాముల అల్యూమినియం రెండు నిమిషాల్లోపే 30 డిగ్రీలు వేడెక్కుతుంది. అంతకు మించి చేత్తో పట్టుకోవడం కష్టం. పైగా 1000 లూమెన్లను 2000 చేసినా మన కంటికి రెట్టింపుగా కనిపించదు. దూరం సంగతీ అంతే. టార్చి పెట్టె మీద రాసే దూరం, వెలుగు పావు లక్స్‌కు, అంటే సుమారు పున్నమి వెన్నెలంతకు పడిపోయే చోటు. కిరణం తీవ్రతను క్యాండెలాల్లో కొలుస్తారు; 10,000 క్యాండెలాల టార్చికి ఆ దూరం 200 మీటర్లు. 400 మీటర్లు కావాలంటే 40,000 క్యాండెలాలు ఉండాలి. బలం కోసమే అయితే కంపెనీ టార్చే మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను. మొదటి నిమిషంలో ఓడినా పదో నిమిషంలో అదే గెలుస్తుంది.

విప్పినందుకు అసలు ఫలితం వెలుగు రంగులో దక్కుతుంది. కంపెనీలు పెట్టె మీద పెద్ద అంకె వేసుకోవడానికి ఎక్కువగా 6500 కెల్విన్ల (వెలుగు రంగుకు కొలత; అంకె పెరిగే కొద్దీ నీలి ఛాయ, తగ్గే కొద్దీ పసుపు ఛాయ) చల్లని తెలుపు ఎల్‌ఇడిలు వాడతాయి. ఆ వెలుగులో గోధుమరంగు తీగ ఏదో, ఎర్ర తీగ ఏదో చప్పున తేలదు. చేతి చర్మం పాలిపోయినట్టుంటుంది, తడి మట్టీ పొడి మట్టీ ఒకేలా కనిపిస్తాయి. అదే టార్చిలో నిచియా కంపెనీ 519ఎ లాంటి, రంగుల సూచీ (వస్తువుల రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే అంకె, గరిష్ఠం 100) 90 దాటిన ఎల్‌ఇడి వేసి చూడండి. లూమెన్లు తగ్గుతాయి, కానీ తీగల రంగులు విడిపోతాయి, ఆకుల్లో పచ్చదనం తిరిగి వస్తుంది. ఒకసారి ఈ తేడా చూసిన కంటికి పాత నీలి తెలుపు మళ్లీ నచ్చడం కష్టం.

ఇంకాస్త ముందుకు వెళ్లేవాళ్లు ఎల్‌ఇడి మీదుండే సిలికోన్ గోపురాన్ని పదునైన బ్లేడుతో కోసేస్తారు. మొత్తం వెలుగు కొంత తగ్గినా, కిరణం బిగుసుకుని దూరం పోతుంది, రంగు వెచ్చబడుతుంది. కొన్ని రకాల్లో ఆ గోపురం కిందే వెంట్రుకంత సన్నని తీగలుంటాయి. బ్లేడు వాటిని తాకితే ఆ ఎల్‌ఇడి పని అయిపోయినట్టే.

కంపెనీ టార్చిని సమర్థించడానికి గట్టి కారణాలు ఇంకా ఉన్నాయి. రబ్బరు వలయాలు సరిగ్గా కూర్చున్న టార్చిని విప్పితే వారంటీ పోతుంది, నీళ్లు చొరబడవన్న భరోసా కూడా పోవచ్చు. బ్యాటరీ విషయం మరీ ముఖ్యం. కంపెనీ టార్చిలో ఎక్కువ కరెంటు లాగితే ఆగిపోయే రక్షణ ఉన్న బ్యాటరీ వాడుకోవచ్చు. ఎఫ్ఈటీ టార్చిలో ఆ రక్షణే అడ్డవుతుంది కాబట్టి, రక్షణ లేని, ఎక్కువ కరెంటు ఇచ్చే బ్యాటరీలు వాడతారు. అలాంటి టార్చి జేబులో పొరపాటున వెలిగితే బట్ట కాలుతుంది. అందుకే తెలిసినవాళ్లు వెనక మూతను కాస్త వదులు చేసి జేబులో వేసుకుంటారు. మరలకు కరెంటు పారనివ్వని అనోడైజ్ పూత ఉంటే, ఆ పావు తిప్పుతోనే సర్క్యూట్ తెగిపోతుంది.

ఈ రెండింటికీ మధ్య ఇప్పుడు మూడో దారి ఒకటి ఏర్పడింది. 2017లో వచ్చిన ఎమిసార్ డి4 తరహా టార్చిలను, ఏ ఎల్‌ఇడి కావాలో అడిగి మరీ తయారు చేసి ఇస్తున్నారు. వాటిలో చాలావరకు ఆండ్యురిల్ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తాయి. మీట నొక్కి పట్టుకుంటే వెలుగు మిణుగురు స్థాయి నుంచి మెల్లగా పెరుగుతుంది, వేలు తీసినచోట ఆగుతుంది. వేడి ఎక్కువైతే తనంతట తానే తగ్గించుకుంటుంది. సోల్డరింగ్ ఇనుము పట్టుకోవడం రానివాళ్లకు నా ఓటు దీనికే.

ఇంట్లో కరెంటు పోయినప్పుడు పెద్దవాళ్లూ పిల్లలూ అందరూ అందుకునే టార్చి మాత్రం విప్పనిదే ఉండాలి. మీ సొంతానికి ఒకటి విప్పాలని చేతులు ఉవ్విళ్లూరుతుంటే డ్రైవర్ జోలికి పోకండి, ముందు ఎల్‌ఇడి మార్చండి. వేడి త్వరగా బయటికి పోయే రాగి పలక మీద బిగించిన 4000 లేదా 4500 కెల్విన్ల ఎల్‌ఇడి కొనండి. దాని వోల్టేజీ పాతదానికి సరిపోతుందో లేదో చూసుకుని, కింద పల్చగా థర్మల్ పేస్టు రాసి, రెండే రెండు తీగలు సోల్డర్ చేస్తే సరిపోతుంది.