పటాలా, బొమ్మలా, నటులా? పిల్లల ముందు జపాన్ జానపద కథలు

జపాన్ జానపద కథను పిల్లల ముందు ఆడాలంటే అక్కడ మూడు దారులు ఉన్నాయి: కామిషిబాయి పటాలు (చెక్క చట్రంలోంచి ఒక్కో బొమ్మ పటం లాగుతూ కథ చెప్పడం), బున్రాకు అనే సంప్రదాయ బొమ్మలాట, వేషం కట్టిన నటులు. ఏ కథకు ఏది నప్పుతుందో చూసి ఎంచుకోవాలి. చిన్నపిల్లలకైతే మాత్రం నేను నిస్సంకోచంగా కామిషిబాయి వైపే ఉంటాను.

1930లలో టోక్యో వీధుల్లోకి కామిషిబాయి కథకులు సైకిలు మీద చెక్క చట్రం పెట్టుకుని వచ్చేవారు. హ్యోషిగి అనే రెండు కొయ్యలు టకటకమనిపిస్తే చాలు, పిల్లలు మూగేవారు. మిఠాయి అమ్మకమే వారి జీవనాధారం. 1950లలో టీవీ వచ్చాక వీధి కథకులు తగ్గిపోయినా, పటాలు బడుల్లో, గ్రంథాలయాల్లో నిలిచాయి.

దీని పట్టంతా పటం లాగే తీరులో ఉంది. 'కాసజిజో' కథే తీసుకోండి. కొత్త సంవత్సరం ముందురోజు, అమ్ముడుపోని గడ్డి టోపీలతో మంచులో ఇంటిదారి పట్టిన తాతకు ఆరు జిజో రాతి విగ్రహాలు కనిపిస్తాయి. జిజో పిల్లలనూ బాటసారులనూ కాచే బోధిసత్వుడు. ఎక్కువగా చెప్పుకునే రూపంలో టోపీలు ఐదే. ముందు పటాన్ని సగం లాగి ఆపితే, కింది పటంలో టోపీలు పెట్టుకున్న విగ్రహాలు మాత్రమే కనిపిస్తాయి. "మరి ఆరో ఆయనకు?" అని పిల్లలే అడుగుతారు. అప్పుడు నెమ్మదిగా మిగతాది లాగాలి. తాత తన తలగుడ్డ విప్పి చివరి విగ్రహానికి కడుతుంటాడు. పెద్ద హాల్లో ఇది పనికిరాదు, వెనక వరుసకు బొమ్మ ఆనదు.

బున్రాకు సంగతి వేరు. ముఖ్యమైన బొమ్మను ముగ్గురు ఆడిస్తారు: ఒకరు తల, కుడిచేయి, ఇంకొకరు ఎడమచేయి, మరొకరు కాళ్లు. మన తోలుబొమ్మలాటలో ఆడించేవారే పాడతారు. ఇక్కడ తాయు అనే గాయకుడు షామిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయించేవాడి పక్కన కూర్చుని కథంతా పలుకుతాడు. 'గాబు' అనే తల ఉంది: అందమైన స్త్రీ ముఖం, దారం లాగగానే నోరు చీలి కొమ్ములు లేస్తాయి. మనుషుల్ని తినే కొండముసలి కథలకు దీన్ని మించింది లేదు, కానీ నాలుగేళ్లవాళ్లు జడుసుకుంటారు. పైగా ఏళ్ల సాధన లేనిదే ఆ కదలిక రాదు. ఒసాకాలోని జాతీయ బున్రాకు రంగశాల వేసవి సెలవుల్లో పిల్లలు, తల్లిదండ్రుల కోసం ప్రదర్శనలు వేస్తుంది. అవకాశం ఉంటే అక్కడే చూపించాలి.

తనను కాపాడినవాణ్ని స్త్రీ రూపంలో పెళ్లాడిన కొంగ, తన ఈకలతోనే రహస్యంగా గుడ్డ నేసే 'కొంగభార్య' కథకు మాత్రం నటులే కావాలి. నాటక రచయిత కినోషిత జుంజి 1949లో దీన్నే 'యూజురు' నాటకంగా రాశారు. తెర వెనక మగ్గం చప్పుడు, చూడొద్దన్న మాట, గుడ్డ నేసిన ప్రతిసారీ మరింత చిక్కి బయటికొచ్చే ఆమె. ఆ నీరసం మనిషి నడకలో కనబడితేనే పదేళ్లవాళ్లకు భర్త అత్యాశ అర్థమవుతుంది.

పీచుపండులోంచి పుట్టిన పిల్లవాడు జంతువుల తోడుతో రాక్షసుల మీదికి వెళ్లే మొమొతారో కథను నటులతో వేసేవారు కుక్కకూ కోతికీ నిలువెత్తు బొచ్చు వేషాలు తొడగకండి. నడుముకు ఒక తోక కట్టి, నడక మార్చితే చాలు.