లా బెల్లా జేమర్సన్ ఫ్లాట్‌వౌండ్ బేస్ స్ట్రింగ్స్: సోల్ బ్యాండ్‌లో వాయించేవాళ్లయితే కొనేయండి

సోల్, ఫంక్ బ్యాండ్లలో బేస్ గిటార్ వాయిస్తున్నవాళ్లకి, వాయిద్దామనుకుంటున్నవాళ్లకి రాస్తున్నా. ఫ్లాట్‌వౌండ్ అంటే పైన నున్నటి చదును రేకు చుట్టిన స్ట్రింగ్, రౌండ్‌వౌండ్ అంటే గుండ్రటి తీగ చుట్టిన మామూలు గరుకు స్ట్రింగ్. లా బెల్లా కంపెనీ 0760ఎం సెట్ ఇది, మోటౌన్ బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ పేరుతో అమ్ముతారు. సైజులు (స్ట్రింగ్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) 52, 73, 95, 110. మామూలుగా మనం వేసుకునే 45-105 రౌండ్‌వౌండ్ సెట్ పక్కన పెట్టి చూస్తే సన్నది అనుకునే జి స్ట్రింగ్ కూడా మోటుగా కనిపిస్తుంది. రేటు కూడా గట్టిగానే ఉంటుంది, రౌండ్‌వౌండ్ సెట్‌కి దాదాపు డబుల్. నేనుండేది డెట్రాయిట్ పక్కన నోవైలో, వారమంతా ఆఫీసు, వీకెండ్ వస్తే ఇక్కడి సోల్ బ్యాండ్‌తో పెళ్లిళ్లు, క్లబ్బులు, ఒహాయో ఇండియానా వైపు చిన్న చిన్న టూర్లు. నా ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద ఉన్నవి ఇవే.

జేమర్సన్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్తా. సౌత్ కరోలినాలో పుట్టి 1954లో డెట్రాయిట్ వచ్చాడు, మొదట్లో గాయకుడు జాకీ విల్సన్‌తో, మిరకిల్స్ బృందంతో రోడ్డు మీద తిరిగాడు, తర్వాత సోల్ పాటల కంపెనీ మోటౌన్ స్టూడియోకే అంకితమైపోయాడు. వెస్ట్ గ్రాండ్ బుల్వార్డ్ మీద ఆ స్టూడియో ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, మిషిగన్‌లో ఉండి కూడా చూడని మనవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి ఒకసారి వెళ్లి ఆ స్టూడియో గదిలో నిలబడండి, అంత చిన్న గదిలోంచి అన్ని హిట్లు ఎలా వచ్చాయా అనిపిస్తుంది. అన్ని పాటలకి వాయించినా రికార్డుల మీద ఆయన పేరు వేయలేదు, 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద వేసేదాకా. చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు, స్ట్రింగ్స్ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఆయన 1962 మోడల్ ప్రెసిషన్ 1983లో చనిపోవడానికి కొద్దిగా ముందు ఎవరో ఎత్తుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు. అది తలచుకుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

ఇక అసలు విషయం. ఈ స్ట్రింగ్స్ తెచ్చిన రోజే ఎక్కించేసి సాయంత్రం షోకి పోదామంటే కుదరదు. టెన్షన్ బాగా ఎక్కువ, నెక్ ముందుకి వంగుతుంది, ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) కొంచెం కొంచెంగా తిప్పుతూ ఒకరోజు వదిలేసి మళ్లీ చూసుకోవాలి. నట్‌లో, అంటే నెక్ పైచివర స్ట్రింగ్స్ ఆనే చిన్న పట్టీలో, గాడులు సన్న స్ట్రింగ్స్‌కి కోసినవైతే ఇవి లోపలికి దిగవు, పైనే కూర్చుంటాయి, అప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కాలంటే వేళ్లు నొప్పి పుడతాయి, శ్రుతి కూడా తేడా వస్తుంది. ఇక్కడ ఒక షాపులో ఇస్తే నట్ ముట్టుకోకుండా ఎక్కించి డబ్బులు తీసుకున్నారు, అందుకని ఇచ్చేముందే నట్ ఫైల్ చేస్తారా అని అడగండి. ఇంకోటి, ఎక్కువైన తీగ కత్తిరించేముందు ప్లయర్‌తో ఆ చోట ఎల్ ఆకారంలో గట్టిగా వంచి, ఆ వంపు దాటాక కత్తిరించాలి. లేకపోతే పైన చుట్టిన రేకు లోపలి తీగ మీద వదులైపోయి స్ట్రింగ్ మూగబోతుంది, ఇంత డబ్బు పోసినది బూడిదలో పోసిన పన్నీరే.

సౌండ్ అంటారా, కొత్తలో కొంచెం చురుగ్గానే ఉంటుంది, వాయిస్తూ పోతే నెలలు గడిచేకొద్దీ ఆ లోహపు మోత తగ్గి గుండ్రంగా, బరువుగా తయారవుతుంది. వేలు జరిపితే కీచుమనదు. నోట్ మొదలవగానే దమ్ముతో వచ్చి తొందరగా ఆగిపోతుంది. బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ బిగించే చోటు) దగ్గర స్ట్రింగ్స్ కింద చిన్న ఫోమ్ ముక్క పెట్టండి, జేమర్సన్ బేస్‌లో కూడా బ్రిడ్జ్ కవర్ కింద ఫోమ్ ఉండేది. సోల్ బ్యాండ్‌లో ఇది ఎందుకు ముఖ్యమంటే పైన ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, ఆర్గన్, గిటార్, పాడేవాళ్లు, అందరూ అక్కడే ఉంటారు, మన బేస్ కూడా పైకెళ్లి గలగలమంటే ఏదీ వినపడదు, మనం కిక్ డ్రమ్‌తో కలిసి కింద ఉండాలి. హాల్ హాల్‌కీ యాంప్ మారినా ఈ స్ట్రింగ్స్‌తో సౌండ్ పెద్దగా మారదు, టూర్లో తిరిగేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి. మెంఫిస్ బేసిస్ట్ డక్ డన్‌ని చూడండి, 1967లో అక్కడి సోల్ కంపెనీ స్టాక్స్ బృందంతో యూరప్ అంతా తిరిగి, అదే ఏడాది మాంటెరీ పాప్ ఫెస్టివల్‌లో గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ వెనక వాయించి, 2012లో టోక్యోలో షోలు చేసుకుని అక్కడే కన్నుమూశాడు. డెబ్బై ఏళ్ల వయసులో కూడా రోడ్డు మీదే. ఆ తరం మెంఫిస్ సౌండ్ అంతా ఫ్లాట్‌వౌండ్ మీద నిలబడిందే. మన ఇళయరాజా పాటల్లో బేస్‌ని చెవిపెట్టి వినేవాళ్లకి కూడా ఈ రకం సౌండ్ వెంటనే నచ్చుతుంది, అక్కడా బేస్ ఇంకో పాట పాడుతున్నట్టే ఉంటుంది కదా.

అందరికీ మాత్రం చెప్పను. ఫంక్ బేసిస్ట్ లారీ గ్రాహం లాగా బొటనవేలితో కొట్టి వాయించాలనుకుంటే ఇవి వద్దు, ఆ చిటపటలు ఇందులో రావు, స్టెయిన్‌లెస్ రౌండ్‌వౌండ్ వేసుకోండి. బూట్సీ కాలిన్స్ 1970లో పద్దెనిమిదేళ్లకే జేమ్స్ బ్రౌన్ బ్యాండ్‌లో చేరి వాయించిన ఫంక్ నేర్చుకోవాలన్నా మొదట సన్న స్ట్రింగ్స్ మీద వేళ్లు పరిగెత్తనివ్వండి. టవర్ ఆఫ్ పవర్ బ్యాండ్ బేసిస్ట్ రోకో ప్రెస్టియా స్టయిల్ పదహారో వంతు నోట్లు వీటి మీద వాయిస్తుంటే ఎడమచేత్తో మ్యూట్ చేయడం హాయిగా ఉంటుంది గాని, గంట వాయించేసరికి ముంజేయి పట్టేస్తుంది, అలవాటు పడాలి.

మీది సన్న నెక్ ఉన్న జాజ్ బేస్ అయినా, పాత బేస్ అయి ట్రస్ రాడ్ మీద నమ్మకం లేకపోయినా ఈ లావు సెట్ జోలికి పోకండి, ఇదే కంపెనీ 43-104 ఫ్లాట్‌వౌండ్ సెట్ తీసుకోండి. నెక్ మీద భారం చాలా తగ్గుతుంది, సౌండ్ మాత్రం ఇదే దారిలో ఉంటుంది.