ఒబామానా, మెక్కెయినా? అనుభవం గొడవ, ఇన్సూరెన్స్ లెక్క

ఇది 2008 అక్టోబర్ నాటి మాట. అమెరికా ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్నవాళ్ళ మూడో డిబేట్ కూడా అయిపోయింది, ఎలక్షన్ గట్టిగా మూడు వారాలు కూడా లేదు, అయినా ఇక్కడ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, ఇండియాకి ఫోన్ చేసినా అదే ప్రశ్న. డెమోక్రాట్ ఒబామాకి అనుభవం లేదంటున్నారు, రిపబ్లికన్ మెక్కెయిన్‌కి ఎకానమీ తెలీదంటున్నారు, ఇంతకీ ఇద్దర్లో ఎవరు మేలు? ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. ప్రైమరీలంటే ఏంటి, ఎలక్టోరల్ కాలేజీ అంటే ఏంటి లాంటివి మాత్రం అడక్కండి, రెండేళ్ళుగా విని విని అవి అందరికీ కంఠతా వచ్చేశాయి. ముందే చెప్పేస్తున్నా, నాకు ఓటు లేదు, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాణ్ణి, పోయినేడు జూలైలో, క్యూలో ఎవరి వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ అన్ని డేట్లూ కరెంట్, అంటే అందరి వంతూ వచ్చేసింది అని చెప్పి మళ్ళీ వెనక్కి తీసుకుని, గొడవయ్యాక మళ్ళీ సరే అన్న తమాషా చూసిన బ్యాచ్. కాబట్టి పార్టీ అభిమానం కంటే జేబు లెక్కే నాకు ఎక్కువ.

ముందు అనుభవం సంగతి. కాగితం మీద చూస్తే ఇది అసలు పోటీయే కాదు. మెక్కెయిన్ నేవీ పైలట్, వియత్నాం యుద్ధంలో పట్టుబడి హనోయి జైల్లో అయిదున్నరేళ్ళు చిత్రహింసలు పడ్డాడు, 1983 నుంచి హౌస్‌లో (మన లోక్‌సభ లాంటిది), 1987 నుంచి సెనేట్‌లో ఉన్నాడు, కామర్స్ కమిటీకి ఛైర్మన్‌గా చేశాడు. ఒబామా ఇల్లినాయ్ స్టేట్ సెనేట్‌లో ఎనిమిదేళ్ళు, అంటే మన కౌన్సిల్ లాంటిదనుకోండి, షికాగో యూనివర్సిటీలో లా పాఠాలు చెప్పాడు, వాషింగ్టన్‌కి వచ్చింది 2005 జనవరిలో, 2007 ఫిబ్రవరికల్లా ప్రెసిడెంట్‌కి పోటీ చేస్తున్నా అనేశాడు. అంటే సెనేట్‌లో ఉన్న టైంలో సగం ప్రచారానికే పోయింది. ఒబామా అభిమానులు దీన్ని ఎంత తిప్పి చెప్పినా ఇది నిజమే.

కానీ ఒక విషయం ఎవరూ గట్టిగా అనటం లేదు. ఇద్దరూ సెనేటర్లే. ఏ రాష్ట్రానికీ గవర్నర్‌గా చెయ్యలేదు, ఒక బడ్జెట్ తయారుచేసి డబ్బు చాలకపోతే ఏది కొయ్యాలో తేల్చుకున్న అనుభవం ఇద్దరికీ లేదు. సెనేట్ నుంచి నేరుగా వైట్‌హౌస్‌కి వెళ్ళింది ఆఖరుసారి 1960లో కెనెడీ, మళ్ళీ ఇప్పుడు ఎవరు గెలిచినా అదే అవుతుంది. రెండు పార్టీల టికెట్ల మీదా ఉన్న నలుగురిలో పరిపాలన చేసిన మనిషి ఎవరయ్యా అంటే మెక్కెయిన్ వైస్ ప్రెసిడెంట్ పదవికి ఎంచుకున్న సేరా పేలిన్ ఒక్కతే, అలాస్కా గవర్నరై రెండేళ్ళు కూడా నిండలేదు. డెబ్భై రెండేళ్ళ మనిషి తర్వాత కుర్చీలో కూర్చోవాల్సిన వ్యక్తిగా ఆవిణ్ణి పెట్టుకుని, అవతలివాడికి అనుభవం లేదని మెక్కెయిన్ ఎలా అనగలుగుతున్నాడో నాకైతే అర్థం కాదు. ఆ ఒక్క ఆయుధాన్నీ ఆయనే పారేసుకున్నాడు.

చరిత్ర తిరగేస్తే కూడా ఈ లెక్క తేలదు. బుకానన్ హౌస్, సెనేట్, రష్యాలో రాయబారి, బ్రిటన్‌లో రాయబారి, విదేశాంగ మంత్రి, ఇన్ని చేసి ప్రెసిడెంటయ్యాడు, ఆయన దిగేసరికి దేశం సివిల్ వార్ గుమ్మంలో ఉంది. ఆయన తర్వాత వచ్చిన లింకన్‌కి ఇల్లినాయ్ అసెంబ్లీ ప్లస్ హౌస్‌లో ఒకే ఒక్క టర్మ్. అలాగని అనుభవం లేని ప్రతివాడూ లింకన్ అయిపోడు, ఇల్లినాయ్ నుంచి వచ్చినంత మాత్రాన అసలే అవడు.

నా మటుకు నాకు ఈ ప్రశ్నకి జవాబు సెప్టెంబర్లోనే దొరికింది. 15వ తారీఖున లీమన్ మునిగింది, 158 ఏళ్ళ బ్యాంకు. అదే రోజు ఫ్లోరిడాలో జాక్సన్‌విల్‌లో మెక్కెయిన్ మన ఎకానమీ ఫండమెంటల్స్ బలంగానే ఉన్నాయి అన్నాడు, తర్వాత నా ఉద్దేశం కార్మికుల గురించి అని సర్దుకున్నాడు. మునిగిపోతున్న ఇన్సూరెన్స్ కంపెనీ ఏఐజీని ప్రభుత్వం ఆదుకోకూడదన్నాడు, ఒక్కరోజు తిరక్కుండానే తప్పదన్నాడు. స్టాక్ మార్కెట్ మీద పెత్తనం చేసే ఎస్ఈసీ ఛైర్మన్‌ని పీకేస్తానన్నాడు. 24న ప్రచారం ఆపేస్తున్నా, డిబేట్ వాయిదా వెయ్యండి అన్నాడు, 26న మళ్ళీ డిబేట్‌కి వచ్చి కూర్చున్నాడు. 29న హౌస్‌లో బ్యాంకుల్ని ఆదుకునే 700 బిలియన్ల బిల్లు వీగిపోయింది, ఓడించిన వాళ్ళలో ఎక్కువమంది ఆయన పార్టీ వాళ్ళే, స్టాక్ మార్కెట్ సూచీ డౌ ఒక్కరోజులో 777 పాయింట్లు పడింది, మనందరి 401కేలు, అదే రిటైర్మెంట్ దాపులు, ఏమయ్యాయో మీకు చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళకి పైగా సెనేట్‌లో ఉన్న మనిషి నుంచి నేను కోరుకున్నది కంగారు పడకపోవటం, అదే అక్కడ లోపించింది. ఒబామా ఏం చేశాడంటే, నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ చెయ్యలేదు. ఒకప్పుడు ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్‌గా చేసిన పాల్ వోల్కర్ లాంటి వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ఆచితూచి నాలుగు మాటలు మాట్లాడి, అక్టోబర్ 1న సెనేట్‌లో ఆ సాయం బిల్లుకి అనుకూలంగా ఓటేశాడు, అవతలాయన కూడా అదే ఓటేశాడు. దాక్కున్నాడని అనేవాళ్ళూ ఉన్నారు. అననివ్వండి, ఇల్లు తగలబడుతున్నప్పుడు బకెట్ మోయకపోయినా ఫైరింజన్‌కి అడ్డం రాకపోవటం కూడా పనే.

మెక్కెయిన్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి కదా మరి. ఇళ్ళ అప్పుల వ్యాపారం చేసే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌ల మీద పెత్తనం గట్టిగా ఉండాలన్న బిల్లుకి 2006లోనే ఆయన మద్దతిచ్చాడు. బుష్ ట్యాక్స్ కట్లని 2001లో, 2003లో రెండుసార్లూ వ్యతిరేకించాడు. ఇమిగ్రేషన్ విషయంలో సొంత పార్టీవాళ్ళతో తిట్లు తిన్నాడు. ఆ మెక్కెయిన్ పోటీ చేస్తుంటే ఈ పోలిక రాయటం నాకు చాలా కష్టమయ్యేది. ఇప్పుడు పోటీ చేస్తున్నాయన అవే ట్యాక్స్ కట్లని శాశ్వతం చేస్తానంటున్నాడు.

సరే, ట్యాక్సుల దగ్గరికొస్తే డిబేట్లో పాపం, ట్యాక్స్ పెంచుతావా అని ఒబామాని అడిగిన ఆ ఒహాయో ప్లంబర్ ప్రస్తావన ఎన్నిసార్లొచ్చిందో చూశారుగా, ఆ హడావుడికి తగ్గ విషయం అందులో లేదు. ఒబామా కుటుంబ ఆదాయం రెండున్నర లక్షల డాలర్లు దాటిన వాళ్ళకి పై రేటు 35 నుంచి పాత 39.6కి తీసుకెళ్తానంటున్నాడు, కిందివాళ్ళకి పెంచనంటున్నాడు, పనిచేసేవాళ్ళకి మనిషికి 500 డాలర్ల క్రెడిట్, అంటే ట్యాక్స్‌లో అంత తగ్గింపు, అంటున్నాడు. మెక్కెయిన్ ఎవరికీ పెంచడు, కార్పొరేట్ ట్యాక్స్ 35 నుంచి 25కి తగ్గిస్తాడు, పిల్లల మీద ఇచ్చే ఎగ్జెంప్షన్ రెట్టింపు చేసి 7,000కి తెస్తాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన ఇళ్ళలో చాలావరకు ఆ రెండున్నర లక్షల గీత కిందే ఉంటాయి, ఏ మోటెళ్ళో ప్రాక్టీసో ఉన్న డాక్టర్లకి తప్ప ఇది నిద్ర పట్టని సమస్య కాదు. అప్పు మాత్రం ఇద్దరూ పెంచేవాళ్ళే. ట్యాక్స్ పాలసీ సెంటర్ వాళ్ళు వేసిన లెక్కలో పదేళ్ళలో ఒబామా ప్లాన్ అప్పుని మూడున్నర ట్రిలియన్లు పెంచితే, మెక్కెయిన్‌ది అయిదు ట్రిలియన్లు పెంచుతుంది. ఇయర్‌మార్కులు, అంటే కాంగ్రెస్ సభ్యులు తమ ఊళ్ళ పనులకి బడ్జెట్లో పెట్టించుకునే డబ్బు, రద్దు చేసి సర్దేస్తానని మెక్కెయిన్ అంటాడు గానీ, అవన్నీ కలిపితే ఆయన చెప్పిన లెక్కే 18 బిలియన్లు, మొన్న తేలిన ఈ ఏడాది డెఫిసిట్ 455 బిలియన్లు.

నేను అసలు తేడా అనుకునేది మెడికల్ ఇన్సూరెన్స్‌లో. దీని గురించి మనవాళ్ళు ఎవరూ మాట్లాడటం లేదు, ఎందుకంటే కంపెనీ ఇస్తోంది, కార్డు పర్సులో ఉంది, అంతే. రెండో డిబేట్లో టామ్ బ్రోకా సూటిగానే అడిగాడు, ఇది హక్కా, బాధ్యతా అని. మెక్కెయిన్ బాధ్యత అన్నాడు, ఒబామా హక్కు అన్నాడు. మాటలు వదిలేసి లెక్కలోకి వెళ్దాం.

ఆరోగ్య రంగం మీద సర్వేలు చేసే కైజర్ సంస్థ వాళ్ళ ఈ ఏడాది (2008) సర్వే ప్రకారం ఫ్యామిలీ ప్రీమియం సగటున ఏడాదికి 12,680 డాలర్లు. అందులో మన జీతంలోంచి కోసేది 3,354, మిగతా తొమ్మిదివేల పైచిలుకు కంపెనీ కడుతుంది, దాని మీద మనం ట్యాక్స్ కట్టం. మెక్కెయిన్ ఏమంటున్నాడంటే కంపెనీ కట్టేదాన్ని కూడా మీ ఆదాయంగానే చూస్తా, ఇన్‌కమ్ ట్యాక్స్ వేస్తా, బదులుగా కుటుంబానికి 5,000, ఒంటరి మనిషికి 2,500 క్రెడిట్ ఇస్తా అని. మీరు 25 శాతం స్లాబులో ఉంటే ఆ తొమ్మిదివేల మీద పడే ట్యాక్స్ సుమారు 2,300, వచ్చేది 5,000, అంటే మొదటేడాది మీకు లాభమే! ఒబామా యాడ్లు చూసి మెక్కెయిన్ మన ఇన్సూరెన్స్ మీద ట్యాక్స్ వేసి ముంచేస్తాడని అనుకుంటున్నవాళ్ళు ఈ సగం కూడా తెలుసుకోవాలి, ఆ యాడ్లు 5,000 సంగతి సరిగ్గా చెప్పవు.

మరి ఇబ్బంది ఎక్కడంటే తర్వాతి ఏళ్ళలో. అదే కైజర్ సర్వేలో 1999లో ఫ్యామిలీ ప్రీమియం 5,791, తొమ్మిదేళ్ళలో రెట్టింపు దాటింది. క్రెడిట్ మామూలు ధరలతో పెరుగుతుంది, ప్రీమియం తన దారిన తను పరిగెడుతుంది. పైగా క్రెడిట్ ఎక్కడ కొన్నా వస్తుంది కాబట్టి ఇరవై అయిదేళ్ళ కుర్రాడు కంపెనీ ప్లాన్ వదిలేసి బయట చవకది కొనుక్కుంటాడు, కంపెనీ ప్లాన్‌లో మిగిలేది షుగర్, బీపీ ఉన్న నలభై అయిదేళ్ళ మనమే, ప్రీమియం ఇంకా పెరుగుతుంది, చివరికి చిన్న కంపెనీలు మాకెందుకీ గొడవ మీరే కొనుక్కోండి అంటాయి. బయట కొనబోతే చాలా రాష్ట్రాల్లో మీ పాత జబ్బు చూసి ఇవ్వమనేస్తారు. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో అలా కాదనటానికి వీల్లేదు, అందుకే ఇక్కడ రేట్లు అంత మంట. మెక్కెయిన్ పక్క రాష్ట్రం ప్లాన్ కూడా కొనుక్కోనిస్తానంటున్నాడు. వినటానికి బాగానే ఉంది, కానీ క్రెడిట్ కార్డు కంపెనీలన్నీ రూల్స్ తక్కువని సౌత్ డకోటాకీ డెలవేర్‌కీ ఎలా చేరాయో ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా అలాగే చేరతాయి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు అక్కడ కొంటారు, జబ్బున్నవాళ్ళు ఇక్కడ మిగులుతారు. అలా ఎక్కడా దొరకనివాళ్ళ కోసం రాష్ట్రాలతో కలిసి విడిగా ఒక ప్లాన్ పెడతానంటాడు, దానికి డబ్బు ఎంతన్నది సరిగ్గా తేలదు.

ఒబామా ప్లాన్ పెర్ఫెక్టా అంటే కాదు. జబ్బుందని కాదనకూడదు అంటాడు, పెద్ద కంపెనీలు ఇన్సూరెన్స్ ఇవ్వాలి లేదా డబ్బు కట్టాలి అంటాడు, ప్రభుత్వ ప్లాన్ ఒకటి పెడతానంటాడు, కానీ పెద్దవాళ్ళందరూ కొనాల్సిందే అని మాత్రం అనడు, పిల్లలకే తప్పనిసరి. పార్టీ లోపలి పోటీలో, అదే ప్రైమరీల్లో, హిలరీ అడిగింది ఇదే, జబ్బొచ్చాక కొనుక్కోవచ్చంటే ముందే ఎవడు కొంటాడు అని. ఆవిడే కరెక్ట్ అని నా అభిప్రాయం. కుటుంబానికి 2,500 డాలర్లు తగ్గిస్తానన్న మాట నేను పైసా కూడా నమ్మను. అయినా ఇన్సూరెన్స్ లేనివాళ్ళు 4.57 కోట్లమంది ఉన్న దేశంలో, ఉద్యోగాలు ఊడే రోజుల్లో, ఉద్యోగంతో పాటు కార్డు కూడా పోతే పాత కంపెనీ ప్లాన్‌నే కొన్నాళ్ళు ఉంచుకోనిచ్చే కోబ్రా చట్టం కింద మొత్తం ప్రీమియం మనమే కట్టాలి, నెలకి వెయ్యి పైనే. అప్పుడు బయటికెళ్ళి కొనుక్కోబోతే నీకు షుగరుంది పో అనకుండా ఉండే ప్లాన్ కావాలి నాకు. అది ఒబామా దగ్గర ఉంది. నా తక్కెడ అటే మొగ్గింది.

ఇండియా నుంచి అడిగే ప్రశ్న వేరు, ఒబామా వస్తే ఔట్‌సోర్సింగ్ పోతుందట కదా అని. ఆయన తీసేస్తానంటున్న ట్యాక్స్ బ్రేక్ అమెరికన్ కంపెనీలు బయటి దేశాల్లో సంపాదించిన లాభాన్ని ఇక్కడికి తెచ్చేదాకా ట్యాక్స్ కట్టకుండా ఉండే సౌకర్యం గురించి. హైటెక్ సిటీలో మన కంపెనీకి వచ్చే కాంట్రాక్టుకి దానితో నేరుగా సంబంధం తక్కువ. భయపడాలంటే బ్యాంకుల్ని చూసి భయపడండి, మనవాళ్ళకి పెద్ద కస్టమర్లు వాళ్ళే, మునుగుతున్నదీ వాళ్ళే. హెచ్1 వీసాల కోటా ఏడాదికి 65,000 ప్లస్ మాస్టర్స్ వాళ్ళకి 20,000, దాన్ని పెంచటానికి మెక్కెయిన్ కాస్త ఎక్కువ సుముఖం, ఈ మాట ఒప్పుకోవాలి. కానీ నిరుద్యోగం 6.1 శాతానికి చేరి ఇంకా ఎక్కుతుంటే ఏ కాంగ్రెస్ పెంచుతుంది చెప్పండి? ఇండియాతో న్యూక్లియర్ డీల్‌కి ఇద్దరూ మద్దతే, అందులో ఎంచుకోటానికి ఏమీ లేదు.

ఈ పోటీలో రాల్ఫ్ నేడర్, బాబ్ బార్ కూడా ఉన్నారు. ఉన్నారంతే.

ఇక ఓటున్న వాళ్ళకి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా ఎటో, టెక్సస్ ఎటో ముందే తెలిసిపోయింది, అక్కడ మీ మనసుకి నచ్చినట్టు వేసుకోండి. వర్జీనియా సంగతి వేరు, 1964 తర్వాత డెమోక్రాట్‌కి పడని రాష్ట్రం ఈసారి ఊగుతోంది, ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీల్లో సిటిజన్‌షిప్ వచ్చిన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. చాలా కంపెనీల్లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (వచ్చే ఏడాదికి ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంచుకునే) కాగితాలు వచ్చేది ఇప్పుడే, వాటిలో కంపెనీ మీ తరఫున ఎంత కడుతోందో ఉంటుంది. ఆ అంకెని మీ ట్యాక్స్ స్లాబుతో హెచ్చవేసి, 5,000లోంచి తీసేసి, మీ ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో పక్కన రాసుకుని చూడండి, నవంబర్ 4న ఎటు వెయ్యాలో నన్ను అడగక్కర్లేదు.