కిరీటం బొమ్మ చూసి సర్కారీ సైటనుకున్నాను. మా లండన్ తాత బదులు ఇంకెవరినో పంపారు (జాగ్రత్త)

కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

ఇంగ్లండ్‌లో పాత మరణాల సర్టిఫికెట్లు తెప్పించి ఇస్తామనే సైటు ఒకటుంది కదా. వెతకగానే అన్నిటికన్నా పైన వస్తుంది, పక్కన కనీకనిపించకుండా 'ప్రకటన' అని ఉంటుంది. నీలం పట్టీ, దాని మీద కిరీటం బొమ్మ. ఆ సైటే. పేరు రాయను. వాడినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వాడనివాళ్ళకి ఈ ఆనవాళ్ళు చాలు.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మా చిన్నతాత, అంటే తాతగారి తమ్ముడు, 1931లో బారిస్టరు చదువుకని లండన్ వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. క్షయ. ఇంట్లో అందరికీ ఆయన 'లండన్ తాత'. చివరి ఉత్తరం 1934 ఫిబ్రవరిలో రాసింది, ఐల్ ఆఫ్ వైట్ దీవిలో వెంట్నార్ అనే ఊళ్ళో ఉన్న ఛాతీ జబ్బుల ఆసుపత్రి నుంచి. ఆ తర్వాత టెలిగ్రామ్ వచ్చిందంటారు, అది ఏ ట్రంకుపెట్టెతో పాటు పోయిందో ఎవరికీ తెలీదు. ఏ నెలలో పోయాడో, ఏ రోజు పోయాడో తెలీదు. తిథి తెలీదు కాబట్టి ఇన్నేళ్ళుగా మహాలయ అమావాస్య నాడే ఆయన్ని తలుచుకుంటున్నారు. నాన్నకి ఎనభై దాటాయి. "ఆ తేదీ ఒక్కటి తెలిస్తే బావుణ్ణురా" అని ఏటా అంటాడు. ఈసారి తెప్పించి ఇద్దామనుకున్నాను. నా ఖర్మ.

సైటులో ఫారం నింపాను. పేరు, సుమారు సంవత్సరం, వయసు పాతిక లోపు, విద్యార్థి, చనిపోయిన చోటు వెంట్నార్ కావచ్చు. చివరి ఉత్తరం స్కాన్ చేసి జతపరిచాను కూడా. 'నిపుణులతో వెతికిస్తాం, సర్టిఫైడ్ కాపీ పంపిస్తాం' అని ఒక ప్యాకేజీ ఉంటే అదే తీసుకున్నాను. డబ్బు ఎంతో చెప్పను, సిగ్గేస్తోంది. అసలు ఆఫీసు తీసుకునే ఫీజుకి ఐదారు రెట్లు. అసలు ఆఫీసు అని వేరే ఒకటుందని అప్పటికి నాకు తెలిస్తే కదా! కిరీటం బొమ్మ ఉంది, 'రికార్డుల కార్యాలయం' అని ఏదో రాసి ఉంది, ఇంకేం కావాలి మనకి. పక్కింటివాడికి ఐదొందలు ఇవ్వడానికి నాలుగుసార్లు ఆలోచించేవాణ్ణి, ఇక్కడ కార్డు నంబరు కొట్టడానికి నిమిషం పట్టలేదు.

మూడు వారాలకి స్కాన్ వచ్చింది. నిజమైన సర్టిఫికెట్టే. 'సర్టిఫైడ్ కాపీ ఆఫ్ ఏన్ ఎంట్రీ' అని పైన అచ్చు, కింద ముద్ర. నకిలీ అని చెప్పడం లేదు, అది గమనించండి. రావు అన్న ఇంటిపేరు కనిపించింది, 1935 నవంబరు అని తేదీ కనిపించింది. నేను చూసినవి ఆ రెండే. చివరి ఉత్తరానికీ దీనికీ ఏడాది తొమ్మిది నెలలు తేడా ఉందే అని ఒక్క క్షణం అనిపించింది. ఆసుపత్రిలో అన్నాళ్ళు ఉన్నాడేమోలే అని నాకు నేనే చెప్పుకుని, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశాను. నాన్న ఫోన్ చేశాడు. మాట్లాడలేకపోయాడు కాసేపు. సాయంత్రానికల్లా పంతులుగారితో ఆ తేదీకి తిథి కట్టించి, డైరీలో రాసుకుని, ఆ పేజీ ఫోటో నాకే తిరిగి పంపాడు.

రాత్రి మా అత్త నుంచి మెసేజ్. "నలభై ఏడేళ్ళేంట్రా? మా బాబాయి పాతికేళ్ళు నిండకుండా పోయాడు కదా."

అప్పుడు చదివాను గడి గడీ. చనిపోయిన చోటు గ్రీనిచ్, నావికుల ఆసుపత్రి. వయసు 47. వృత్తి, ఓడలో వంటమనిషి. కారణం న్యుమోనియా. సమాచారం ఇచ్చింది ఆసుపత్రి ఉద్యోగి. ఒక్క గడి కూడా మా తాతది కాదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ రోజుల ఇంగ్లండ్ మరణ సర్టిఫికెట్‌లో మామూలుగా తల్లిదండ్రుల పేర్లు ఉండవు. ఎక్కడ, ఎప్పుడు, పేరు, వయసు, వృత్తి, కారణం, ఎవరు చెప్పారు, ఎప్పుడు నమోదైంది, అంతే. అంటే మనిషిని గుర్తుపట్టడానికి ఉన్నవే ఆ వయసూ వృత్తీ ఊరూ. ఆ మూడూ తప్పినా 'దొరికారు, అభినందనలు' అని మెయిల్ పెట్టారు మహానుభావులు. చివర ఒక పువ్వు బొమ్మతో సహా.

నాన్నకి ఎలా చెప్పానో అడక్కండి. డైరీలో ఆ పేజీ కొట్టేశాడు. ఏమీ అనలేదు. నన్ను నాలుగు తిట్టినా బావుండేది.

మర్నాడు వాళ్ళ చాట్‌లోకి వెళ్ళాను. ఇది రాయడానికే ఇంతసేపూ కూర్చున్నాను. మర్యాదగానే మొదలుపెట్టాను. ఈ సర్టిఫికెట్ వేరే మనిషిది, వయసు తేడా, వృత్తి తేడా, చోటు తేడా, నేను పంపిన ఉత్తరంలో వెంట్నార్ అని స్పష్టంగా ఉంది, ఒకసారి చూడండి అన్నాను. అవతలి నిపుణుడు చెప్పింది దాదాపు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఇంటిపేరు సరిపోయింది. ఆర్డర్ పూర్తయింది." ఇరవై మూడేళ్ళు తేడా ఉందండీ అన్నాను. దానికి జవాబు, "మీ దేశంలో అప్పట్లో పుట్టిన తేదీలు సరిగ్గా రాసి ఉండవు కదా, వయసులో తేడా రావడం మామూలే."

సరే, మింగాను. మరి వృత్తి? ఆయన లా చదువుతున్న కుర్రాడు, ఇక్కడ వంటమనిషి అని ఉంది అన్నాను.

"కుటుంబాల్లో ఇలాంటి కథలు చాలా చూస్తుంటాం. ఇంటికి రాసే ఉత్తరాల్లో గొప్పలు రాసుకుంటారు. రికార్డు అబద్ధం చెప్పదు."

అర్థమైందా అండీ? వాళ్ళు తప్పు మనిషిని పంపారు, కాబట్టి మా తాత బారిస్టరు చదువు అబద్ధం. ఓడలో వంట చేస్తూ ఇంటికి కోతలు కోశాడన్నమాట. ఓడలో వంట చేయడం తక్కువ పని అని నేననడం లేదు. ఆ పని చేసిన మనిషి ఎవరో ఉన్నాడు, ఆయన మా తాత కాదు, అంతే నేను చెప్తున్నది. ఇక్కడ నాకు చేతులు వణికాయి, నిజం. నేను జతపరిచిన ఉత్తరం మీరు తెరిచి చూశారా, అవునో కాదో చెప్పండి అని అడిగాను. మూడు చుక్కలు ఆడాయి చాలాసేపు. తర్వాత "వెతికే సేవకి రీఫండ్ ఉండదు, మీరు ఒప్పుకున్న షరతుల్లో 11వది చూడండి. ఇంకేమైనా సాయం కావాలా?" అని వచ్చింది. నేను టైప్ చేస్తుండగానే 'ఈ సంభాషణ ముగిసింది' అని మూసేశారు. స్క్రీన్‌షాట్లన్నీ ఉన్నాయి. బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, చూద్దాం.

ఇక నా తెలివి గురించి. ఆ రాత్రి నిద్ర పట్టక ఉత్తరం మళ్ళీ తీశాను. కింద సంతకం. ఇన్నాళ్ళూ వందసార్లు చూసిన సంతకం. రావు అన్నచోట ఆర్, ఓ, డబ్ల్యూ. ఆర్-ఏ-ఓ కాదు! పాతకాలం వాళ్ళు చాలామంది ఇంగ్లీషులో రావుని అలాగే రాసేవారు, మా తాతగారి పాత కాగితాల మీదా అలాగే ఉంది. నేను మాత్రం నా ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్ ఫారంలో కొట్టాను. ఈ తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఉత్తరం తెరిచిన ఏ నిపుణుడికైనా ఆ సంతకం కనపడాలి కదా. దానికే కదా ఆ ఐదారు రెట్లు.

ఫ్రీబీఎండీ అని వాలంటీర్లు నడిపే సైటు ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో జననాలు, పెళ్ళిళ్ళు, మరణాల ఇండెక్స్‌ని ఎక్కించిపెట్టారు, పైసా కట్టక్కర్లేదు. అందులో 1934, మరణాలు, పేరు వెంకట, ఇంటిపేరు ఆర్-ఓ-డబ్ల్యూ, జిల్లా ఐల్ ఆఫ్ వైట్ అని కొట్టాను. జిల్లా ఎందుకంటే, అక్కడ మరణం ఎక్కడ జరిగితే ఆ చోటు ఏ రిజిస్ట్రేషన్ జిల్లాలోకి వస్తుందో అక్కడే నమోదవుతుంది, మనిషి ఉండే ఊరితో పని లేదు. లండన్‌లో చదివాడు కదా అని లండన్ చుట్టూ వెతికితే వంద జన్మలెత్తినా దొరకడు. ఏమీ రాలేదు. జిల్లా అలాగే ఉంచి పేరు తీసేసి ఇంటిపేరు మాత్రమే ఉంచాను. రో అనేది ఇంగ్లీషువాళ్ళలోనూ ఉన్న ఇంటిపేరే. ఓ విలియం, ఓ ఈడిత్, వాళ్ళ మధ్యలో ఇరుక్కుని మన వెంకట. 'ఎన్' అక్షరం ఉండాల్సిన చోట 'యూ' పడింది, ఎవరో చేతిరాత చదవలేక. వయసు 24. 1934 రెండో త్రైమాసికం, అంటే ఏప్రిల్ నుంచి జూన్ లోపల నమోదైంది. ఐల్ ఆఫ్ వైట్. పక్కన సంపుటం నంబరు, పేజీ నంబరు.

పది నిమిషాలు. టీ కూడా చల్లారలేదు.

ఇండెక్స్‌లో త్రైమాసికం మాత్రమే ఉంటుంది, రోజు ఉండదు. అది సర్టిఫికెట్‌లోనే ఉంటుంది. అందుకని జనరల్ రిజిస్టర్ ఆఫీస్ (ఇందాక అసలు ఆఫీసు అన్నది దీన్నే) వాళ్ళ సొంత సైటులో, అంటే జీఆర్‌ఓలో, ఖాతా తెరిచి అక్కడి ఇండెక్స్‌లోనూ చూసుకున్నాను. అక్కడా వెతకడం ఉచితమే. ఆ సంపుటం, పేజీ నంబర్లతో పీడీఎఫ్ కాపీకి ఆర్డర్ పెట్టాను, అది కాగితం సర్టిఫికెట్ కన్నా చవక. చనిపోయినాయన నాకేమవుతాడో కూడా అడగలేదు. ఈ పనంతా నేనే మొదటిరోజు చేసుకుని ఉండొచ్చు. వాళ్ళు చేసింది మాత్రం ఏముంది, ఇదే జీఆర్‌ఓలో నా తరఫున ఆర్డర్ పెట్టారు, అదీ తప్పు మనిషికి. నాన్నకి ఈసారి ఏమీ చెప్పలేదు. పీడీఎఫ్ వచ్చి, గడి గడీ అత్త చదివి సరే అన్నాకే చెప్తాను.

ఎవరికైనా పనికొస్తుందని నాలుగు ముక్కలు. చిరునామా చివర గవ్ డాట్ యూకే లేకపోతే అది సర్కారు వారి జీఆర్‌ఓ సైటు కాదు, కిరీటం ఉన్నా సింహం ఉన్నా సరే. ఇంగ్లండ్, వేల్స్‌లకి 1837 జూలై 1 నుంచి నమోదులున్నాయి, అంతకుముందువైతే చర్చి ఖనన రిజిస్టర్లు చూసుకోవాలి. స్కాట్లండ్‌ది వేరే వ్యవస్థ, ఈ ఇండెక్స్‌లో దొరకదు. సముద్రం మీద ఓడలో పోయినవాళ్ళ రిజిస్టర్లూ వేరు. స్థానిక రిజిస్టర్ ఆఫీసుకి నేరుగా రాయాలనుకుంటే రాయండి, అసలు రిజిస్టర్లు వాళ్ళ దగ్గరే ఉంటాయి, కానీ జీఆర్‌ఓ సంపుటం పేజీ నంబర్లు అక్కడ పనికిరావు, పేరు, తేదీ, చోటు చెప్పాలి. మన పేర్లకి పాత స్పెల్లింగులన్నీ ప్రయత్నించండి. నాయుడు చివర రెండు ఓలు, రెడ్డి చివర వై బదులు ఐ, ఇలా. పాత సంతకం ఏదైనా ఉంటే ముందు అది చూడండి, నాలా ఆధార్ కార్డు కాదు. సర్టిఫికెట్ చేతికొచ్చాక తేదీ కన్నా ముందు వయసు గడి చదవండి. గ్రూప్‌లో పెట్టడం ఆ తర్వాత.

ఇంకొకటి. ఆ గ్రీనిచ్ సర్టిఫికెట్ నా దగ్గరే ఉంది. 1935 నవంబరు, నావికుల ఆసుపత్రి, 47 ఏళ్ళు, ఓడలో వంటమనిషి, ఇంటిపేరు ఆర్-ఏ-ఓ. మా ఇంట్లో ఒక పూటంతా ఆయన్ని మా తాత అనుకున్నాం, నాన్న ఆయన కోసమే ఏడ్చాడు. ఓడ పనికి వెళ్ళి తిరిగి రాని పెద్దాయన మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ వివరాలు కలుస్తాయేమో చూసుకుని నాకు మెసేజ్ పెట్టండి. డబ్బులేమీ వద్దు, పంపిస్తాను.