కార్క్ పిడికి మ్యాట్ సీలర్: మెరుపు లేదు, పట్టు ఉంది

చేత్తో చేసుకున్న ఫిషింగ్ రాడ్‌కి కార్క్ పిడి బిగించాక దాని మీద ఏం పూయాలన్నదే నాకు పెద్ద టెన్షన్. మొదటిసారి రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ (గట్టిగా ఆరే జిగురులాంటి పూత) పూశాను, అద్దంలా మెరిస్తే చూసి మురిసిపోయాను కానీ చెయ్యి తడవగానే సబ్బు బిళ్ల పట్టుకున్నట్టు జారిపోయింది. అదంతా గీకి పారేసి ఈసారి వాటర్ బేస్డ్ మ్యాట్ సీలర్, అంటే మెరుపు లేకుండా ఆరే రక్షణ పూత, తెచ్చాను.

సీసాలో పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక కనిపించదు. ముందు 320 నంబరు గరుకు కాగితంతో రుద్ది, గుంటల్లో కార్క్ పొడి, జిగురు కలిపి నింపి, అది ఆరాక మళ్లీ రుద్ది, దుమ్ము తుడిచి, పాత బనీను గుడ్డతో పల్చగా రెండు పూతలు వేశాను. మొదటి పూతని కార్క్ తాగేస్తుంది, అసలేమీ పూయనట్టే ఉంటుంది. అలాగని ఇంకా పూసేయకుండా చెయ్యి ఆపుకోవాలి, మందంగా పూశారో కార్క్ మెత్తదనం పోయినట్టే. (దారం చుట్టే రీల్ బిగించే చోట సీలర్ అంటకుండా టేప్ వేయడం మర్చిపోయి నేను పడ్డ పాట్లు వేరే కథ.)

ఇప్పుడు ఎర మురికి తడిగుడ్డతో తుడిస్తే పోతోంది, పట్టు మాత్రం పచ్చి కార్క్‌లాగే ఉంది. మూత దగ్గర సీలర్ గట్టిపడి సీసా ఓ పట్టాన తెరుచుకోదు, అదొక్కటే చిరాకు. బొటనవేలు ఆనేచోట పూత అరుగుతోంది కూడా, అప్పుడప్పుడు అక్కడ ఇంకో పూత వేసుకోవాల్సిందే.