తైనాన్‌లో ఒక రోజు: తీపి కాస్త ఎక్కువే

తైవాన్ రాజధాని తైపే నుంచి హైస్పీడ్ రైల్లో దక్షిణాన ఉన్న తైనాన్‌కు సుమారు గంటా నలభై అయిదు నిమిషాల ప్రయాణమేగానీ, ఆ స్టేషన్ ఊరికి దూరం కనుక లోకల్ రైలెక్కి పాత ఊళ్లోకి రావడానికి మరో అరగంట కలుపుకోవాలి.

ముందుగా అన్‌పింగ్ కోటకు వెళ్లాను. డచ్చివారు 1624లో మొదలుపెట్టి జీలాండియా అని పేరు పెట్టిన ఈ కోట, తొమ్మిది నెలల ముట్టడి తరువాత 1662లో చైనా మింగ్ వంశ పక్షపు సేనాని కోషింగా వశమైంది. మన మచిలీపట్నంలో బట్టల వర్తకం చేసిన డచ్చి కంపెనీయే ఇక్కడా దిగింది. మెట్ల పైనున్న కావలి బురుజు తరువాతి కాలానిది కాబట్టి దానితో ఫోటో దిగి వెనుదిరగకుండా, కింద మర్రి ఊడలు పెనవేసుకున్న పాత ఇటుక గోడ దగ్గర కాసేపు నిలబడాలి. చక్కెర పాకం, జిగురు బియ్యం, ఆల్చిప్పల సున్నం కలిపి ఆ ఇటుకలను అతికించారట. బెల్లం, కరక్కాయ నీళ్లతో నూరిన మన డంగు సున్నానికి ఇది దూరపు చుట్టమే.

గోడలోని ఆ చక్కెర భోజనంలోనూ వదలదు. తైనాన్ వంటకు తీపి ఎక్కువని తైవాన్‌వారే అంటారు. తుఫానుల కాలంలో వేటకు వెళ్లలేని జాలరి కావడి మోస్తూ అమ్మడంతో పుట్టిన దాన్‌జాయ్ నూడుల్స్‌కు ఆ కావడి పేరే నిలిచింది. పొట్టి పీట మీద కూర్చున్న వంటమనిషి నూడుల్స్‌ను వేడినీళ్లలో ముంచి తీసి, పంది మాంసపు కీమా ఒక గరిటె వేసి, పైన ఒకే ఒక్క రొయ్యను పెట్టి, అరచేతిలో ఇమిడే గిన్నెలో అందించాడు. పులుసు కమ్మగా ఉంది, కారం మాత్రం మన నాలుకకు ఆనదు. శవపేటిక రొట్టె నన్ను నిరాశపరిచింది: వేయించిన మందపాటి రొట్టెను తొలిచి, పాల గుజ్జు నింపి, మూత పెట్టి ఇస్తారు, నేను తిన్నచోట లోపలి గుజ్జు చల్లారి మైదా ముద్దలా ఉంది. అన్‌పింగ్‌లో తిన్న సోయా పాల జున్ను మాత్రం ఇంకో గిన్నె అడిగించింది.

శాకాహారులు 素 అనే అక్షరం ఉన్న బోర్డు వెతుక్కోవాలి. అలాంటి చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు.

రాత్రికి గార్డెన్ నైట్ మార్కెట్ అనుకున్నాను. అది గురు, శని, ఆదివారాల్లోనే ఉంటుంది. నేను వెళ్లింది బుధవారం.